వెబ్‌సైట్‌లో తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకుంటారు? ఐడీఈతో డీబగ్గింగ్ జరిగే తీరు ఇదీ

2021 జూన్ 7 రాత్రి ఆదాయపు పన్ను శాఖ కొత్త ఈ-ఫైలింగ్ పోర్టల్ మొదలైంది. తెల్లారేసరికి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ మరుసటి రోజే ట్విటర్‌లో ఇన్ఫోసిస్‌ను, నందన్ నీలేకనిని ఉద్దేశించి ఈ విషయం ప్రస్తావించారు. రెండున్నర నెలల తర్వాత కూడా ఇబ్బందులు తీరకపోవడంతో ఆగస్టు 23న ఇన్ఫోసిస్ సీఈఓ సలీల్ పరేఖ్‌ను దిల్లీకి పిలిపించి వివరణ అడిగారు. సెప్టెంబర్ 15లోగా అన్నీ సరిచేయాలని గడువు పెట్టారు.

పన్ను కట్టేవారికి కనిపించేది 'సైట్ పనిచేయడం లేదు' అన్న ఒక్క విషయమే. దాన్ని బాగుచేయాల్సిన ఇంజనీరు ముందున్న ప్రశ్న వేరు. లక్షల వరుసల కోడ్‌లో ఏ వరుస దగ్గర, ఏ విలువ, ఎందుకు తప్పింది?

దిల్లీ, దాని చుట్టుపక్కల ఈ ప్రశ్న రోజూ ఎదురయ్యే చోట్లు చాలా ఉన్నాయి. ప్రభుత్వ వెబ్‌సైట్లకు ఆధారమైన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ప్రధాన కార్యాలయం లోధీ రోడ్డులోని సీజీఓ కాంప్లెక్స్‌లో ఉంది. రైల్వే రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్‌ను చూసే క్రిస్ సంస్థ చాణక్యపురిలో ఉంది. నోయిడా, గురుగ్రామ్‌లలోని ఐటీ కంపెనీల సంగతి సరేసరి. అక్కడ పనిచేసే ఇంజనీర్లలో తెలుగువారూ ఉన్నారు. వాళ్లు ఉదయం కంప్యూటర్ ముందు కూర్చోగానే తెరిచే పనిముట్టు పేరు ఐడీఈ. పూర్తి పేరు ఇంటిగ్రేటెడ్ డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్.

తప్పును వెతకడంలో ఆ పనిముట్టు ఎలా సాయపడుతుంది? అది చేయలేనిది ఏమిటి?

ఐడీఈ అంటే ఏమిటి?

కోడ్ రాయడానికి ఎడిటర్, దాన్ని నడిపించడానికి కంపైలర్ లేదా ఇంటర్‌ప్రెటర్, తప్పులు వెతకడానికి డీబగ్గర్. ఈ మూడింటినీ ఒకే చోట అమర్చిన సాఫ్ట్‌వేరే ఐడీఈ.

తెలుగు రాష్ట్రాల్లో ఒక తరం ఇంజనీరింగ్ విద్యార్థులకు దీని తొలి పరిచయం కాలేజీ ల్యాబులోని టర్బో సీ నీలం తెర. కంట్రోల్ ఎఫ్9 నొక్కితే ప్రోగ్రాం నడిచేదని వాళ్లందరికీ గుర్తుంటుంది. అదే తెరలో ఎఫ్7, ఎఫ్8 నొక్కితే ప్రోగ్రాం ఒక్కో వరుసే నడిచేదని చాలామంది గమనించి ఉండరు. తమాషా ఏమిటంటే, నేటి ఇంటెలిజే, పైచార్మ్‌లలోనూ అవే రెండు మీటలు అదే పని చేస్తాయి.

తర్వాత 2001లో ఎక్లిప్స్ వచ్చింది. హైదరాబాద్ అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో జావా నేర్చుకున్నవారికి ఇది బాగా పరిచయం. మైక్రోసాఫ్ట్ 2015 ఏప్రిల్‌లో ప్రకటించిన విజువల్ స్టూడియో కోడ్ ఇప్పుడు వెబ్ డెవలపర్లలో ఎక్కువమంది వాడే ఎడిటర్. నిజానికి ఇది ఎడిటర్‌గానే మొదలైంది. కావలసిన భాషకు ఎక్స్‌టెన్షన్ చేర్చుకుంటే ఐడీఈ చేసే పనులన్నీ చేస్తుంది.

ప్రింట్ చేసి చూస్తే చాలదా?

తప్పు వెతకడానికి అందరికీ తెలిసిన పద్ధతి ఒకటుంది. అనుమానం ఉన్న చోట ఒక ప్రింట్ వాక్యం రాసి, ప్రోగ్రాం నడిపి, తెర మీద ఏం వచ్చిందో చూడటం. చిన్న ప్రోగ్రాంకు ఇది చాలు.

వెబ్ అప్లికేషన్‌లో చిక్కు ఏమిటంటే, అది ఒకే చోట నడవదు. మనం బటన్ నొక్కినప్పుడు బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ నడుస్తుంది. అది సర్వర్‌కు విన్నపం పంపుతుంది. సర్వర్‌లో పైథాన్, జావా, పీహెచ్‌పీ వంటి భాషలో రాసిన కోడ్ నడుస్తుంది. అది డేటాబేస్‌ను అడుగుతుంది. జవాబు అదే దారిలో వెనక్కి వస్తుంది. ఇన్ని మజిలీల్లో ఎక్కడైనా తప్పు జరగవచ్చు. ప్రింట్ పెట్టాలంటే ముందుగా చోటు ఊహించాలి. ఊహ తప్పితే మళ్లీ రాయాలి, మళ్లీ నడపాలి.

డీబగ్గర్ దీన్ని తిరగేస్తుంది. నడుస్తున్న ప్రోగ్రాంను మనం చెప్పిన వరుస దగ్గర ఆపుతుంది. ఆ క్షణంలో మెమరీలో ఉన్న విలువలన్నీ మన ముందు పెడుతుంది. అప్పుడు ఏ విలువ కావాలంటే ఆ విలువ అడిగి చూసుకోవచ్చు.

ఒక ఉదాహరణ: కనిపించని అక్షరం

దిల్లీలోని ఒక తెలుగు సంఘం సంక్రాంతి భోజనాలకు వెబ్‌సైట్‌లో పేర్లు నమోదు చేసుకుంటోందని అనుకుందాం. సర్వర్ కోడ్ పైథాన్‌లో ఉంది, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. మహేశ్ అనే ఆయన ఇంట్లో కంప్యూటర్ నుంచి పేరు నమోదు చేసుకున్నారు. పండగ రోజు గేటు దగ్గర ఫోన్‌లో అదే పేరు కొడితే 'మీ పేరు లేదు' అని వచ్చింది. నిర్వాహకులు జాబితా తెరిచి చూస్తే పేరు కనిపిస్తూనే ఉంది!

దీన్ని ఐడీఈలో ఎలా ఛేదించవచ్చో చూద్దాం.

మొదటి మెట్టు: తప్పును మళ్లీ జరిపించడం. తన కంప్యూటర్‌లో అదే పేరుతో, అదే పద్ధతిలో వెతికి అదే ఫలితం వచ్చేలా చూసుకోవాలి. ఇది కుదరకపోతే మిగతావేవీ కుదరవు.

రెండో మెట్టు: తప్పు ఏ మజిలీలో ఉందో తేల్చడం. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే పేరు సర్వర్‌కు వెళ్లినట్టు, 'లేదు' అన్న జవాబు సర్వరే పంపినట్టు కనిపిస్తుంది. అంటే బ్రౌజర్‌ను పక్కన పెట్టి సర్వర్ కోడ్‌పై దృష్టి పెట్టవచ్చు.

మూడో మెట్టు: బ్రేక్‌పాయింట్ పెట్టడం. పేరు వెతికే ఫంక్షన్ తెరిచి, వరుస సంఖ్యకు ఎడమ పక్కన క్లిక్ చేస్తే ఎర్ర చుక్క పడుతుంది. విజువల్ స్టూడియో కోడ్‌లో ఎఫ్5 నొక్కి సర్వర్‌ను డీబగ్ పద్ధతిలో నడపాలి. ఇప్పుడు బ్రౌజర్‌లో వెతికితే పేజీ తిరుగుతూనే ఉంటుంది. సర్వర్ ఆ ఎర్ర చుక్క దగ్గర ఆగి మన కోసం ఎదురుచూస్తోందన్న మాట.

నాలుగో మెట్టు: విలువలు చూడటం. ఎడమ వైపు వేరియబుల్స్ పేన్‌లో అప్పటికున్న విలువలు ఉంటాయి. కాల్ స్టాక్‌లో ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచిందో, ఇక్కడిదాకా ఏ దారిలో వచ్చామో తెలుస్తుంది. ఎఫ్10 నొక్కితే ప్రస్తుత వరుస నడిచి తర్వాతి వరుస దగ్గర ఆగుతుంది. ఎఫ్11 నొక్కితే ఆ వరుసలో పిలిచిన ఫంక్షన్ లోపలికి వెళ్తుంది. షిఫ్ట్ ఎఫ్11తో బయటికి రావచ్చు. ఇక్కడ ఎఫ్10 నొక్కితే డేటాబేస్ నుంచి ఖాళీ జవాబు వచ్చినట్టు తేలింది.

ఐదో మెట్టు: ప్రోగ్రాం ఆగి ఉండగానే ప్రశ్నించడం. డీబగ్ కన్సోల్‌లో ఆ క్షణానికి సంబంధించిన ఏ లెక్కనైనా అడగవచ్చు. ఫోన్ నుంచి వచ్చిన పేరు పొడవు అడిగితే 5 అని వచ్చింది. మ, హ, ఏత్వం, శ, పొల్లు. లెక్క సరిపోయింది. డేటాబేస్‌లో ఉన్న పేరు తెచ్చి దాని పొడవు అడిగితే 6!

ఆ ఆరోది ఏమిటి? అదే కన్సోల్‌లో రెప్ర్ ఫంక్షన్‌తో పేరును చూపించమంటే, చివర యూనికోడ్ సంఖ్య 200సీ బయటపడుతుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో 'ట్' కింద 'వ' వత్తు పడకుండా ఆపేది ఇదే. దానికి వెడల్పు లేదు, కంటికి కనిపించదు. కొన్ని తెలుగు టైపింగ్ పద్ధతుల్లో పదం చివరి పొల్లు తర్వాత కూడా ఇది చేరే అవకాశం ఉంది. ప్రింట్ చేసి చూసినా, జాబితాలో చూసినా రెండు పేర్లూ ఒకేలా ఉంటాయి. ప్రోగ్రాంకు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు.

ఇక్కడ ఇంకో మలుపు ఉంది. పేరుకు అటూ ఇటూ ఉన్న ఖాళీలను తీసేసే స్ట్రిప్ ఫంక్షన్‌ను కోడ్‌లో ముందే వాడారు. కాబట్టి పేరు శుభ్రంగానే ఉందని ప్రోగ్రామర్ నమ్మకం. పైథాన్ లెక్కలో ఈ అక్షరం ఖాళీ కిందకు రాదు. స్ట్రిప్ దాన్ని తాకదు.

పరిష్కారం ఏమిటి? ఆ గుర్తును అన్ని పేర్లలోంచీ తీసేయడం సరికాదు. పేరు మధ్యలో ఉంటే దానికి పని ఉంది, తీస్తే అక్షరాల రూపం మారిపోతుంది. పేరును రాసినట్టే భద్రపరచి, పోల్చడానికి మాత్రం ఆ గుర్తు తీసేసిన మరో రూపాన్ని పక్కన ఉంచుకోవాలి. సరిచేశాక ఇదే పేరుతో ఒక టెస్ట్ రాసి పెడితే, రేపు ఎవరైనా కోడ్ మార్చినప్పుడు ఈ తప్పు తిరిగి రాకుండా కాపలా ఉంటుంది.

ఇది మరీ ఊహాజనితమైన తప్పేమీ కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత ఇదే కనిపించని గుర్తు, చివర దీర్ఘం. ఈ ఐదూ ఆ వరుసలో వస్తే తెర మీద అక్షరాలు గీసే కోర్‌టెక్స్ట్ భాగం తడబడి యాప్ మూతపడేది. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది.

13 అక్షరాలా, 39 బైట్లా?

తెలుగు పేర్లకు ఎదురయ్యే మరో చిక్కులో డీబగ్గర్‌లోని ఇంకో సౌకర్యం పనికొస్తుంది.

వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లిషులో రాస్తే 13 అక్షరాలు, 13 బైట్లు. తెలుగులో రాస్తే, గుణింతాలనూ పొల్లులనూ విడిగా లెక్కేసే యూనికోడ్ ప్రకారం అదీ 13 సంకేతాలే. కానీ యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. అంటే 39 బైట్లు. ఒరాకిల్ డేటాబేస్‌లో పేరు కాలమ్‌ను 30 అని ఇస్తే, సెట్టింగ్ మార్చనంతవరకు అది 30 బైట్లు. ఇంగ్లిషు పేరు హాయిగా పడుతుంది. తెలుగు పేరుకు ఓఆర్‌ఏ-12899 అనే ఎర్రర్ వస్తుంది. పరీక్షలన్నీ ఇంగ్లిషు పేర్లతోనే చేసిన బృందానికి ఈ తప్పు ఎప్పటికీ కనిపించదు.

ఇలాంటప్పుడు బ్రేక్‌పాయింట్ ఎక్కడ పెట్టాలో కూడా తెలియదు. అందుకే ఐడీఈలలో ఎక్సెప్షన్ బ్రేక్‌పాయింట్ ఉంటుంది. ఎక్కడ ఎర్రర్ తలెత్తితే అక్కడే ఆగమని చెప్పవచ్చు. ఆగిన చోటు నుంచి కాల్ స్టాక్‌లో ఒక్కో మెట్టూ దిగుతూ పోతే ఏ పేరు, ఏ ఫారం నుంచి వచ్చిందో తెలుస్తుంది.

వెయ్యి మందిలో ఒక్కరికే తప్పు వస్తుంటే షరతుతో కూడిన బ్రేక్‌పాయింట్ వాడాలి. 'ఈ దరఖాస్తు సంఖ్య అయితేనే ఆగు' అని రాస్తే మిగతా 999 సార్లూ ప్రోగ్రాం ఆగకుండా సాగిపోతుంది. అసలు ఆపకుండా విలువను మాత్రం రాసిపెట్టమనే లాగ్‌పాయింట్ కూడా ఉంది. కోడ్‌ను ముట్టుకోకుండా ప్రింట్ పెట్టడం లాంటిదది.

బ్రౌజర్‌నూ సర్వర్‌నూ ఒకేసారి చూడటం

2006లో ఫైర్‌ఫాక్స్ కోసం వచ్చిన ఫైర్‌బగ్ బ్రౌజర్‌లోనే జావాస్క్రిప్ట్‌ను ఆపి చూసే వీలు కల్పించింది. ఇప్పుడు ప్రతి బ్రౌజర్‌లోనూ ఆ పనిముట్లు ఉన్నాయి. మరి ఐడీఈతో పనేమిటి?

నేటి వెబ్‌సైట్లలో మనం రాసిన కోడ్ ఉన్నదున్నట్టు బ్రౌజర్‌కు చేరదు. ఫైళ్లన్నీ ఒకటిగా కలిపి, పేర్లు కుదించి, ఖాళీలు తీసేసి పంపుతారు. అక్కడ ఆగినా ఏమీ అర్థం కాదు. కుదించిన కోడ్‌లోని ఏ భాగం అసలు ఫైల్‌లో ఏ వరుసకు చెందుతుందో చెప్పే పట్టికను సోర్స్ మ్యాప్ అంటారు. ఐడీఈ ఆ పట్టిక చదివి, మనం రాసిన ఫైల్‌లోనే ఎర్ర చుక్క దగ్గర ఆపుతుంది. ఎర్ర చుక్క బూడిద రంగులోకి మారి ఎక్కడా ఆగకపోతే, మొదట అనుమానించాల్సింది ఈ పట్టికనూ ఫోల్డర్ దారినీ.

విజువల్ స్టూడియో కోడ్‌లో ఈ ఏర్పాట్లన్నీ లాంచ్ డాట్ జేసన్ అనే ఫైల్‌లో ఉంటాయి. సర్వర్‌కు ఒకటి, బ్రౌజర్‌కు ఒకటి రాసి, రెండింటినీ కలిపి కాంపౌండ్‌గా పెట్టుకోవచ్చు. అప్పుడు ఒక్క ఎఫ్5తో రెండూ మొదలవుతాయి. బటన్ క్లిక్ నుంచి డేటాబేస్ దాకా ఒకే కిటికీలో వెంబడించవచ్చు.

ఒకే ఐడీఈ ఇన్ని భాషలను ఎలా ఆపగలుగుతోంది? ఇదివరకు ప్రతి ఐడీఈకి, ప్రతి భాషకు విడివిడిగా అనుసంధానం రాయాల్సి వచ్చేది. మైక్రోసాఫ్ట్ తెచ్చిన డీబగ్ అడాప్టర్ ప్రోటోకాల్ ఈ సంభాషణకు ఉమ్మడి భాష ఏర్పరచింది. భాషకు ఒక అడాప్టర్ రాస్తే చాలు, ఆ ప్రోటోకాల్ తెలిసిన ఎడిటర్లన్నీ దాన్ని వాడుకోగలవు.

ముందే నడుస్తున్న సర్వర్‌కు డీబగ్గర్‌ను తగిలించడాన్ని అటాచ్ అంటారు. దీనికి ఒక పోర్టు తెరవాలి. నోడ్ జేఎస్‌కు 9229, పీహెచ్‌పీ కోసం వాడే ఎక్స్‌డీబగ్ మూడో వెర్షన్‌కు 9003 మామూలు పోర్టులు. జావాకు 5005, పైథాన్‌కు 5678 ఎక్కువగా వాడుతారు. పాత పాఠాలు చూసి ఎక్స్‌డీబగ్‌కు 9000 ఇచ్చి గంటలు పోగొట్టుకున్నవారికి కొదవ లేదు. రెండో వెర్షన్ దాకా అదే ఉండేది.

అసలు సైట్‌లో ఎందుకు వాడకూడదు?

ప్రజలు వాడుతున్న సర్వర్‌లో బ్రేక్‌పాయింట్ పెట్టడం అంటే నడిరోడ్డు మీద బండి ఆపి ఇంజన్ విప్పడమే. నోడ్ జేఎస్ ఒకే దారంపై జావాస్క్రిప్ట్‌ను నడుపుతుంది. అక్కడ ఒక్కరి విన్నపం దగ్గర ఆగితే ఆ ప్రాసెస్‌లోని అందరి విన్నపాలూ ఆగిపోతాయి.

రెండో ప్రమాదం ఇంకా పెద్దది. డీబగ్ పోర్టుకు చేరగలిగినవారు ఆ ప్రోగ్రాంలో ఏ కోడ్‌నైనా నడిపించగలరు. అది ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే ఇంటి తాళం గుమ్మానికి వేలాడదీసినట్టే. పోర్టును సొంత కంప్యూటర్ చిరునామా 127.0.0.1కే పరిమితం చేసి, దూరపు సర్వర్ అయితే ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ గుండా వెళ్లాలి. జాంగోలో డీబగ్ సెట్టింగ్‌ను ఆపకుండా సైట్ విడుదల చేస్తే, ఎర్రర్ వచ్చినప్పుడు కోడ్ ముక్కలు, సర్వర్ వివరాలు దారినపోయేవారికీ కనిపిస్తాయి.

మూడోది వ్యక్తిగత సమాచారం. వేరియబుల్స్ పేన్‌లో కనిపించేది ఎవరిదో ఫోన్ నంబరు, పాన్, ఆధార్ కావచ్చు. అసలు డేటాబేస్ నకలు ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుని డీబగ్ చేసే అలవాటు చాలా బృందాల్లో ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం డేటాను భద్రంగా ఉంచాల్సిన బాధ్యత సంస్థదే. పేర్లు, నంబర్లు మార్చిన నకలుతో పనిచేయడం మంచిది. అయితే మార్చేటప్పుడు తెలుగు పేర్లన్నింటినీ ఇంగ్లిషులోకి మార్చేస్తే, పైన చెప్పుకున్న రెండు తప్పులూ ఆ నకలులో మాయమవుతాయి.

డీబగ్గర్ పట్టుకోలేని తప్పులు

2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు, 18 ఏళ్లు నిండినవారికి కోవిన్‌లో టీకా నమోదు మొదలైంది. ఒక్కసారిగా వచ్చిన రద్దీకి సైట్ తడబడింది. ఆ రోజు కోటి మందికి పైగా నమోదు చేసుకున్నారు. ఇలాంటి రద్దీ సమస్య ఒక్క ఇంజనీరు తన ల్యాప్‌టాప్‌లో ఎఫ్10 నొక్కుతూ పోతే కనిపించేది కాదు. దానికి ముందస్తు లోడ్ పరీక్షలు, సర్వర్ కొలతలు, లాగులు కావాలి.

రెండు పనులు ఒకేసారి జరిగి ఒకదాన్నొకటి చెడగొట్టే తప్పులదీ ఇదే కథ. డీబగ్గర్‌తో ఒకదాన్ని ఆపగానే క్రమం మారిపోయి తప్పు మాయమవుతుంది. ఆపి చూడటం వల్లే పుట్టే కొత్త తప్పులూ ఉంటాయి. ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్ మామూలుగా జవాబు కోసం 60 సెకన్లు ఎదురుచూస్తుంది. పైథాన్ సైట్లకు వాడే గూనికార్న్ 30 సెకన్లు స్పందన లేకపోతే ఆ ప్రాసెస్‌ను చంపేస్తుంది. మనం విలువలు తీరిగ్గా చూస్తుంటే కనెక్షన్ తెగి, అసలు లేని తప్పు కోసం వెతకాల్సి వస్తుంది. డీబగ్ చేసేటప్పుడు ఈ గడువులు పెంచుకోవాలి.

అందుకే అనుభవం ఉన్న బృందాలు రెండు దశల్లో పనిచేస్తాయి. అసలు సైట్‌లో ఏం జరిగిందో లాగుల నుంచి తెలుసుకుంటాయి. దిల్లీలోని సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సంస్థలు 180 రోజుల లాగులు ఎలాగూ దాచాలి. లాగులో దొరికిన ఆధారంతో అదే పరిస్థితిని తమ కంప్యూటర్‌లో కల్పించి, అప్పుడు డీబగ్గర్ తెరుస్తాయి.

కొత్తగా నేర్చుకునేవారికి

విజువల్ స్టూడియో కోడ్, ఎక్లిప్స్, నెట్‌బీన్స్ ఉచితంగా దొరుకుతాయి. భాష ఏదైనా మొదట నేర్చుకోవాల్సినవి నాలుగే: బ్రేక్‌పాయింట్ పెట్టడం, వరుస వరుసగా నడపడం, విలువలు చూడటం, కాల్ స్టాక్ చదవడం. మీటలు మాత్రం ఐడీఈని బట్టి మారతాయి. వరుస దాటడానికి విజువల్ స్టూడియో కోడ్‌లో ఎఫ్10, ఇంటెలిజేలో ఎఫ్8, ఎక్లిప్స్‌లో ఎఫ్6.

కోడ్ సూచించే ఏఐ సాయకులు ఇప్పుడు ఐడీఈలలోనే వస్తున్నాయి. కారణం ఏమై ఉండొచ్చో అవి చెప్పగలవు. అది నిజమో కాదో తేలేది ప్రోగ్రాంను ఆ వరుస దగ్గర ఆపి చూసినప్పుడే. మహేశ్ పేరు విషయంలో ఏ ఊహ కన్నా 5, 6 అన్న రెండు అంకెలే అసలు సంగతి చెప్పాయి.

తెలుగులో ఫారాలు తీసుకునే వెబ్‌సైట్‌పై పనిచేస్తున్నవారు ఈ వారమే ఒక పరీక్ష చేసి చూడవచ్చు. వెంకటేశ్వర్లు అన్న పేరు తెలుగులో ఇచ్చి, సేవ్ చేసే వరుస దగ్గర ఒక ఎర్ర చుక్క పెట్టండి.